తాతామనవళ్లను అన్నదమ్ములను చేసిన ఓఆర్‌ఎం గారికి

గౌరవనీయులైన ఓఆర్‌ఎం గారికి,

శాలిబండ నుంచి ఒక డేటాబేస్ పంతులు నమస్కరించి రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. మీ క్షేమం వేరే అడగనక్కర్లేదు. కొత్త కొత్త వెర్షన్లతో మీరు కళకళలాడుతూనే ఉన్నారు, ఆ కళకళకు తగ్గట్టు మా పాత కోడు విరుగుతూనే ఉంది.

ఇది నలుగురూ చదివే ఉత్తరం కనక, మిమ్మల్ని ఎరగనివాళ్ల కోసం రెండు ముక్కలు. సమాచారమంతా టేబుళ్లలో ఉండాలనీ, ఒక రోకూ ఇంకో రోకూ సంబంధం వాటిలోని విలువలతోనే తెలియాలనీ ఎడ్గార్ కాడ్ 1970లో చెప్పాడు. ప్రోగ్రాములు రాసేవాళ్లకేమో ఆబ్జెక్టులు కావాలి. ఒక మనిషి, ఆ మనిషి పక్కన చుక్క పెడితే పేరు, ఇంకో చుక్క పెడితే తండ్రి. ఈ రెండు లోకాల మధ్య మీరు దుబాసీ. పూర్తి పేరు ఆబ్జెక్ట్ రిలేషనల్ మ్యాపింగ్. కుటుంబం పెద్దదే. గావిన్ కింగ్ 2001లో మొదలుపెట్టిన హైబర్నేట్, 2004లో రెయిల్స్‌తో వచ్చిన యాక్టివ్ రికార్డ్, 2005లో జాంగో, 2006లో ఎస్‌క్యూఎల్ ఆల్కెమీ. ఎవరి చాదస్తం వారిది. ఉత్తరం మాత్రం అందరికీ కలిపి ఒక్కటే రాస్తున్నాను.

మీతో నాకున్న పేచీ అంతా ఒక్కచోటే. లాగిన్ పేజీలు, బిల్లులు, కస్టమర్ల జాబితాలు మీరు చక్కగానే చూసుకుంటారు. ఎస్‌క్యూఎల్ ఇంజెక్షన్ చేసేవాళ్లను గుమ్మం దగ్గరే ఆపుతారు. ఒక టేబుల్‌ను ఇంకో టేబుల్‌తో కలపమంటే మారుమాట లేకుండా కలుపుతారు. ఒక టేబుల్‌ను దానితోనే కలపమన్నప్పుడు మాత్రం మీ నాలుక మడతపడుతుంది. మడతపడితే పర్వాలేదు, అడ్డం తిరిగి అబద్ధాలు చెబుతుంది.

హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ నేర్చినవాళ్లకు ఈ సెల్ఫ్ జాయిన్ అనగానే గుర్తొచ్చేది అమీర్‌పేట. మైత్రీవనం చుట్టుపక్కల ఏ ఇన్‌స్టిట్యూట్‌లో కూర్చున్నా ఒరాకిల్ వాడి ఈఎంపీ టేబులే. యూజర్ పేరు స్కాట్, పాస్‌వర్డ్ టైగర్. స్కాట్ అంటే ఒరాకిల్ తొలి ఉద్యోగుల్లో ఒకడైన బ్రూస్ స్కాట్, టైగర్ వాళ్లింటి పిల్లి. ఆ టేబుల్‌లో 14 మంది ఉద్యోగులు. ప్రతి రోలోనూ ఎంజీఆర్ అని ఒక కాలమ్ (సినిమా ఎంజీఆర్ కాదు, మేనేజర్). అందులో ఉండేది పై అధికారి నంబరు. ఆ అధికారి ఇంకే టేబుల్‌లోనో లేడు, ఇదే టేబుల్‌లో మరో రోలో కూర్చున్నాడు. ఉద్యోగి పేరూ అధికారి పేరూ పక్కపక్కన రావాలంటే అదే టేబుల్‌ను రెండుసార్లు పిలవాలి, రెండు పేర్లు పెట్టి పిలవాలి. మామూలు జాయిన్ వేస్తే 13 మందే వస్తారు. అధ్యక్షుడు కింగ్‌కు పై అధికారి లేడు, జత దొరకక ఆయనే జాబితాలోంచి మాయమైపోతాడు. జత దొరకనివాళ్లనూ జాబితాలో ఉంచే లెఫ్ట్ జాయిన్ ఎందుకో చెప్పడానికి ఇంతకంటే మంచి పాఠం లేదు. ఎన్ని బ్యాచ్‌లు ఈ ఒక్క ప్రశ్నతో ఇంటర్వ్యూలు గట్టెక్కాయో!

మా పిల్లలు అమీర్‌పేట దాకా పోలేనివాళ్లు. హుస్సేనీ ఆలం, మొగల్‌పురా, గౌలిపురా, అలియాబాద్ నుంచి వస్తారు. కింగ్, బ్లేక్, క్లార్క్ వాళ్లకు ఏమీ కారు. ఎవరికి ఎవరు అధికారి అయితే వాళ్లకేం? అందుకని నేను టేబుల్ మార్చేశాను. స్కాట్‌ను పంపేసి ఆసఫ్ జాహీలను తెచ్చిపెట్టాను. పదే రోలు. అయినా స్కాట్ టేబుల్‌లో లేని చిక్కులన్నీ వాటిలో ఉన్నాయి.

ఒకటో రో నిజాముల్ ముల్క్, మొదటి ఆసఫ్ జా, 1724 నుంచి 1748 దాకా. రెండు, ఆయన కొడుకు నాసిర్ జంగ్, 1750లో హత్యకు గురయ్యాడు. మూడు ముజఫర్ జంగ్, నిజాముల్ ముల్క్ కూతురి కొడుకు. గద్దెనెక్కిన కొన్ని వారాలకే, 1751లో, మన రాయచోటి దగ్గర చంపేశారు. నాలుగు సలాబత్ జంగ్, నిజాముల్ ముల్క్ ఇంకో కొడుకు, ఫ్రెంచి సేనాని బుస్సీ నిలబెట్టిన మనిషి. అయిదు నిజాం అలీ ఖాన్, మరో కొడుకు. అన్న సలాబత్‌ను 1762లో దింపి బీదరు కోటలో పెట్టి తాను కూర్చున్నాడు, 1803 దాకా ఏలాడు. అక్కడి నుంచి దారి తిన్నగా ఉంది: సికందర్ జా, నాసిరుద్దౌలా, అఫ్జలుద్దౌలా, మహబూబ్ అలీ ఖాన్, ఉస్మాన్ అలీ ఖాన్. కొడుకు తర్వాత కొడుకు, 1948 దాకా. వీళ్ల పేర్లు మా పిల్లలకు కొత్త కాదు. సికింద్రాబాద్ ఎవరి పేరో, అఫ్జల్‌గంజ్ ఎవరి పేరో, ఉస్మానియా ఎవరి పేరో వాళ్లకు చెప్పాల్సిన పని లేదు.

నిజాములు ఏడుగురే కదా, పదిమంది ఎక్కడివాళ్లని మొదటిరోజే ఎవరో ఒకరు అడుగుతారు. మధ్యలో వచ్చిన ముగ్గురినీ ఆసఫ్ జాల వరుసలో లెక్కపెట్టరు. కాబట్టి రెండో నిజాం మా టేబుల్‌లో అయిదో నంబరు. ప్రైమరీ కీకి అర్థం అంటగట్టకూడదని చెప్పడానికి నాకు ఇదే చాలు. ఇంకా అర్థం కానివాళ్లను మక్కా మసీదుకు నడిపించుకుపోతాను. రెండో నిజాం నుంచి ఆరో నిజాం దాకా అక్కడే ఒక పక్కన సమాధుల్లో ఉన్నారు, మా లెక్కలో 5 నుంచి 9. తండ్రి, కొడుకు, మనవడు, మునిమనవడు, అతని కొడుకు. ఏడో నిజాం అక్కడ లేడు, మూసీ అవతల కింగ్ కోఠీ ఎదుట జూడీ మసీదులో ఉన్నాడు. మొదటాయన ఔరంగాబాద్ దగ్గర ఖుల్దాబాద్‌లో. టేబుల్ మొదలూ చివరా పాతబస్తీలో లేవు, నడిమి అయిదు మాత్రం మా నడక దూరంలోనే.

ఇప్పుడు కాలమ్‌లు. ప్రతి రోలో రెండు నంబర్లు ఉంటాయి: తండ్రి ఎవరు, తనకంటే ముందు ఏలినవాడు ఎవరు. రెండూ ఇదే టేబుల్‌లోకి చూపిస్తాయి. ఒకటో ఆయన తండ్రి రాజు కాదు కాబట్టి ఆ గడి ఖాళీ. మూడో ఆయన తండ్రీ రాజు కాదు, అదీ ఖాళీ. తండ్రి మీద మామూలు జాయిన్ వేస్తే 8 మంది వస్తారు, ముందువాడి మీద వేస్తే 9 మంది. స్కాట్ దగ్గర ఒక్క కింగ్ మాయమయ్యేవాడు, ఇక్కడ వంశకర్తతో పాటు ఆయన మనవడూ పోతాడు. పిల్లల ముఖాల్లో అప్పుడు వెలుగొస్తుంది. ఖాళీ గడి అంటే తండ్రి లేడని కాదు, మా టేబుల్‌కు తెలియదని అర్థం. ఆ తేడా వాళ్లంతట వాళ్లే పట్టుకుంటారు.

ఇక్కడిదాకా నేరుగా ఎస్‌క్యూఎల్‌లో నడిచిన పాఠం. తర్వాత మీరొస్తారు, ఎందుకంటే ఉద్యోగాలన్నీ మీ దగ్గరే ఉన్నాయి.

జాంగోలో ఆ రెండు కాలమ్‌లను మోడల్‌లో రాయగానే మీరు ఆపేస్తారు. ఎర్రర్ ఈ304. తండ్రి వైపు నుంచి వెనక్కి చూస్తే కొడుకులు, ముందువాడి వైపు నుంచి వెనక్కి చూస్తే తర్వాతివాడు. రెండింటికీ మీరే ఒకే పేరు పెట్టి, అవి ఒకదానితో ఒకటి తగువు పడుతున్నాయని మమ్మల్ని గద్దిస్తారు. నిజం చెప్పాలంటే ఇది మీరు చేసిన మంచి పనుల్లో ఒకటి. ఆ ఒక్క క్షణం మీరు మమ్మల్ని పేర్లు అడిగారు. ఒకటి 'కొడుకులు', ఇంకోటి 'వారసుడు' అని రాస్తాం. తర్వాత అసలు క్వెరీ దగ్గర మాత్రం పేర్లు మా చేతిలో ఉండవు. రెండోసారి వచ్చిన టేబుల్‌కు మీరే టీ2 అని పెట్టుకుంటారు, మూడోసారి వస్తే టీ3. తండ్రి టీ2, ముందువాడు టీ3. మోడల్‌లో రెండు ఫీల్డులను పైకీ కిందికీ మారిస్తే తండ్రి టీ3 అయిపోతాడు. రాత్రి రెండింటికి లాగ్‌లో నెమ్మదించిన క్వెరీ చూస్తున్నవాడికి టీ3 ఎవరో ఎవరు చెప్పాలి? రెయిల్స్ మర్యాద ఇంకా ముచ్చటగా ఉంటుంది. వాళ్ల సొంత పత్రాల్లోని ఉదాహరణలోనే అలియాస్ పేరు 'చిల్డ్రన్స్ మిక్సిన్స్'. బహువచనానికి మళ్లీ బహువచనం.

ఇది పేర్ల చాదస్తం అనుకోకండి. సెల్ఫ్ జాయిన్‌లో ఉన్నదంతా పేర్లే. వేరు వేరు టేబుళ్లు కలిసినప్పుడు ఏ కాలమ్ ఎక్కడిదో టేబుల్ పేరే చెబుతుంది. తనలో తాను కలిసినప్పుడు రెండు వైపులా అవే కాలమ్‌లు, అవే మనుషులు. నిజాం అలీ ఖాన్ ఒక వైపు నిజాముల్ ముల్క్ కొడుకుగా నిలబడతాడు, ఇంకో వైపు సికందర్ జా తండ్రిగా. ఎవరు ఏ పాత్రలో నిలబడ్డారో చెప్పేది అలియాస్ ఒక్కటే. దాన్ని మీరు చుక్కల వెనక దాచేస్తారు.

దాచినందుకు ఏమవుతుందో చెబుతాను. కొడుకుల్లో ఒకడు హత్యకు గురై, ఆ కొడుకే 1800 తర్వాత కూడా ఏలిన తండ్రి ఎవరైనా ఉన్నాడా అని అడిగాం. ఉండడు. చచ్చినవాడు యాభై ఏళ్ల తర్వాత ఎలా ఏలతాడు? జాంగోలో రెండు షరతులనూ ఒకే ఫిల్టర్‌లో రాస్తే జవాబు సున్నా, సరైన జవాబు. అవే షరతులను చుక్క పెట్టి రెండు ఫిల్టర్లుగా రాస్తే నిజాముల్ ముల్క్ ప్రత్యక్షమవుతాడు. మొదటి ఫిల్టర్‌కు ఒక కొడుకు, రెండో ఫిల్టర్‌కు ఇంకో కొడుకు. నాసిర్ జంగ్ చావు, నిజాం అలీ రాజ్యం కలిపి ఒక్క మనిషికి చుట్టారు. ఇది తప్పు కాదు, మా నియమమే అంతని మీ పత్రాల్లో రాసుకున్నారు. నిజమే, రాశారు. కానీ మామూలు కాలమ్‌ల మీద రెండు ఫిల్టర్లు రాసినా ఒక ఫిల్టర్ రాసినా తేడా ఉండదు కదా. అలవాటైన చెయ్యి అలాగే రాస్తుంది. ఎస్‌క్యూఎల్‌లో అయితే 'కొడుకు1', 'కొడుకు2' అని రెండు పేర్లు కనపడేవి, ఇద్దరు మనుషులని గుడ్డివాడికైనా తెలిసేది.

తాతామనవళ్ల సంగతికి వస్తాను. అన్నదమ్ములను తీయమని క్లాసులో ఒక లెక్క ఇస్తాను. అన్నదమ్ములంటే ఒకే తండ్రి ఉన్నవాళ్లు. టేబుల్‌ను దానితోనే తండ్రి నంబరు మీద కలిపితే 14 జతలొస్తాయి. నిజాముల్ ముల్క్ కొడుకులు ముగ్గురూ ముగ్గురితో కలిసి తొమ్మిది, తతిమ్మా అయిదుగురూ ఎవరికి వారే అన్నదమ్ములై అయిదు. తనకు తానే తమ్ముడు కాకూడదని షరతు పెడితే 6 మిగులుతాయి. సలాబత్‌కు నిజాం అలీ, నిజాం అలీకి సలాబత్ అని రెండుసార్లు రాకుండా ఒకరి నంబరు రెండోవారికంటే చిన్నదై ఉండాలంటే 3. పద్నాలుగు నుంచి ఆరుకు, ఆరు నుంచి మూడుకు. సెల్ఫ్ జాయిన్ మొత్తం ఈ మూడు మెట్లే. ఎస్‌క్యూఎల్‌లో నాలుగు గీతల పని.

మీ దగ్గర అన్నదమ్ములకు దారి లేదు. కొడుకు నుంచి తండ్రికి దారి ఉంది, తండ్రి నుంచి కొడుకులకు ఉంది. అడ్డంగా కొడుకు నుంచి కొడుకుకు పోవాలంటే పైకెక్కి కిందికి దిగాలి. ఒక్కొక్కరినీ పట్టుకుని తండ్రి, ఆ తండ్రి కొడుకులు అని చుక్కలు పెడుతూ పోతే, మొదటి రో నిజాముల్ ముల్క్ దగ్గరే 'నన్‌టైప్' అని కూలబడతారు. ఖాళీ గడిలో చుక్క పెడితే ఏముంటుంది? అందుకని మా కుర్రాడొకడు వేరే దారి తొక్కాడు. పదిమందినీ మీ ద్వారా తెప్పించుకుని, పైథాన్‌లోనే లూపులో లూపు తిప్పి, ఇద్దరి తండ్రి నంబరూ ఒకటైతే అన్నదమ్ములని రాశాడు. నంబర్ల షరతు కూడా బుద్ధిగా పెట్టాడు. రావలసినవి మూడు జతలు, వచ్చినవి నాలుగు. నాలుగోది నిజాముల్ ముల్క్, ముజఫర్ జంగ్. "సార్, తాత, మనవడు అన్నదమ్ములెట్లయితరు?" అని వాడే నన్నడిగాడు.

ఎలా అవుతారంటే, డేటాబేస్‌లో తెలియని విలువ ఇంకో తెలియని విలువతో సమానం కాదు. నల్ ఈక్వల్ టు నల్ అంటే అవుననదు, కాదనదు, తెలియదంటుంది. పైథాన్‌లో 'నన్' ఈక్వల్ టు 'నన్' అంటే ట్రూ. రెండింటి మధ్య దుబాసీగా నిలబడింది మీరు. 'తెలియదు' అన్న మాటను 'లేడు' అని తర్జుమా చేసి చేతిలో పెట్టారు, ఇక వాడి లూపు ఏం చేస్తుంది పాపం. తండ్రి తెలియని ఇద్దరూ ఒక తండ్రి బిడ్డలైపోయారు. అదే పద్ధతిలో ఏదైనా ఆఫీసులో రేషను కార్డులనో, వారసత్వపు జాబితాలనో కలిపితే ఎంతమంది అపరిచితులు తోబుట్టువులవుతారో ఊహించుకోండి.

గౌలిపురాలో ఏ పెళ్లికైనా రండి, ఈ పని పలక కూడా లేకుండా చేసే ముసలమ్మను చూపిస్తాను. కొత్తగా వచ్చిన కుర్రాడిని నిలబెట్టి, ఎవరబ్బాయివి, అమ్మ ఏ ఊరు అని రెండు ప్రశ్నలేసి, మూడో మాటకు వాడు తనకు మేనల్లుడి వరసో మనవడి వరసో తేల్చేస్తుంది. తల్లి వైపు ఒకసారి, తండ్రి వైపు ఒకసారి, వయసులో పెద్దో చిన్నో ఒకసారి. ఒకే జనాభా మీద మూడు నాలుగు జాయిన్లు. తెలియనిచోట తెలియదంటుంది, తెలియని ఇద్దరినీ ఒకే ఇంట్లో కట్టేయదు.

ఎస్‌క్యూఎల్ ఆల్కెమీ గారూ, మీరు నవ్వుతున్నారని నాకు తెలుసు. మీ కుటుంబంలో కాస్త నిజాయితీ ఉన్నది మీకేనని ఒప్పుకుంటాను. 'అలియాస్డ్' అని మీ దగ్గర ఒక మాటుంది, టేబుల్‌కు రెండో పేరు మేమే పెట్టుకోవచ్చు, అడ్డంగా జాయిన్ వేసుకోవచ్చు. ఒకసారి లోపలికి తెచ్చిన మనిషిని మళ్లీ తేరు, సెషన్‌లో నిజాముల్ ముల్క్ ఒక్కడే ఉంటాడు. జాంగో గారి ఇంట్లో అలా కాదు. పదిమందినీ తెచ్చి లూపులో తండ్రి పేరు అడిగితే ఒక క్వెరీకి తోడు ఎనిమిది క్వెరీలు. ముగ్గురు అన్నదమ్ములు అడిగేసరికి ముగ్గురు నిజాముల్ ముల్క్‌లు మెమరీలో లేస్తారు. ఒకరి పేరు సరిదిద్దితే తక్కిన ఇద్దరికీ తెలియదు. సెలెక్ట్ రిలేటెడ్ వాడమంటారు. బ్రాకెట్లలో ఏమీ రాయకుండా వాడితే, ఖాళీ ఉండటానికి అనుమతించిన కీల జోలికి అది పోదు. వంశవృక్షంలో తండ్రి కీ ఖాళీ ఉండక తప్పదు కదా, మొదటివాడికి ఏం రాస్తాం?

కానీ ఆల్కెమీ గారూ, మీ 'రిమోట్ సైడ్' సంగతి కూడా బయటపెట్టక తప్పదు. తండ్రి అని సంబంధం రాసి, ఫారిన్ కీ ఏదో కూడా చెప్పి, ఆ ఒక్క రిమోట్ సైడ్ మరిచిపోతే మీరు నోరు విప్పరు. ఎర్రర్ లేదు, హెచ్చరిక లేదు. నిజాం అలీ ఖాన్ తండ్రి ఎవరని అడిగితే ఒక లిస్టు ఇస్తారు, అందులో సికందర్ జా ఉంటాడు. నిజాముల్ ముల్క్ తండ్రి ఎవరంటే ముగ్గురు తండ్రులను చూపిస్తారు, ముగ్గురూ ఆయన కొడుకులే. తనను తాను చూసే టేబుల్‌లో బాణం ఎటు తిరిగిందో మీకు తెలియక, తోచిన వైపు తిప్పేసి ఊరుకున్నారు. అడగరాదా?

హైబర్నేట్ గారి గోల ఒక్క ముక్కలో తేలుస్తాను. ఆయన ఇచ్చిన తండ్రిని జాక్సన్ లైబ్రరీ జేసన్‌గా రాయబోతే, తండ్రిలో కొడుకులు, కొడుకులో తండ్రి, ఆ తండ్రిలో మళ్లీ కొడుకులు, స్టాక్ నిండేదాకా అదే పాట.

ఇంకా లోతుకు పోతే మీలో కొందరి అసలు రంగూ బయటపడుతుంది. ఉస్మాన్ అలీ ఖాన్ నుంచి నిజాముల్ ముల్క్ దాకా ఆరు మెట్లు. జాంగోలో తండ్రి తండ్రి తండ్రి అని ఆరుసార్లు రాయాలి. ఆరని నాకు ముందే తెలుసు కాబట్టి సరిపోయింది. తెలియనప్పుడు? లండన్‌లో 1948 సెప్టెంబరులో పాకిస్తాన్ హైకమిషనర్ పేర బ్యాంకులో పడిన పది లక్షల పైచిలుకు పౌండ్ల నిజాం సొమ్ము పెరిగి పెరిగి మూడున్నర కోట్ల పౌండ్లయింది. అది భారత ప్రభుత్వానికీ, ముకర్రం జా, ముఫఖ్ఖం జా సోదరులకూ చెందుతుందని ఇంగ్లండు హైకోర్టు 2019 అక్టోబరు 2న తీర్పిచ్చింది. ఏడో నిజాం వారసులం మేమూ ఉన్నామని ముందుకొచ్చినవాళ్లు వందకు పైనే. ఒక రో దగ్గర మొదలుపెట్టి కిందికి, ఎన్ని తరాలో తెలియకుండా, కొమ్మ కొమ్మకూ దిగాల్సిన ప్రశ్న అది. ఎస్‌క్యూఎల్‌కు 1999 ప్రమాణంలోనే దానికి మాట వచ్చింది, వెనక్కి వెనక్కి తననే పిలుచుకునే 'విత్ రికర్సివ్'. పోస్ట్‌గ్రెస్‌లో 2009లో, ఎస్‌క్యూలైట్‌లో 2014లో, మైఎస్‌క్యూఎల్‌లో 2018లో అందరికీ చేరింది. ఒరాకిల్ వాడి 'కనెక్ట్ బై' అంతకుముందు నుంచే ఉంది. జాంగో గారి దగ్గర సొంతంగా దానికి మాటే లేదు. హైబర్నేట్ 6.2 దాకా ఆగి 2023లో నేర్చుకున్నారు. ఈలోగా చెట్టు కోసం వేరే ప్యాకేజీ, అందులో ఎడమ నంబరూ కుడి నంబరూ, ఒక బిడ్డ పుడితే సగం టేబుల్ నంబర్లు మార్చడం. మీరు నేర్వని ఒక్క మాట కోసం మేము టేబుల్ ఆకారమే మార్చుకున్నాం!

ముకర్రం జాను చేర్చినప్పుడు నా టేబులే మారాల్సి వచ్చింది, అది వేరే కథ. ఉస్మాన్ అలీ ఖాన్ కొడుకులను కాదని మనవడిని వారసుడిగా ఎంచాడు. కాబట్టి 1967లో ముకర్రం జాకు 'ముందువాడు' తాత, 'తండ్రి' ఆజం జా. ఆయన నిజాం కాలేదు, అయినా రో ఇవ్వక తప్పదు. అప్పుడు 'పాలకులు' అన్న టేబుల్ 'మనుషులు' అయింది. తల్లి కాలమ్ కూడా పెట్టమని పిల్లలు పట్టుబట్టారు. పెడితే ముకర్రం జా తల్లి దుర్రు షెహ్వార్ చివరి ఒట్టోమన్ ఖలీఫా కూతురు, టేబుల్ ఇస్తాంబుల్ దాకా పాకుతుంది. కానీ ఆ కాలమ్ వల్లనే ముజఫర్ జంగ్ తన తాతకు మనవడయ్యాడు. తండ్రి తండ్రైనా, తల్లి తండ్రైనా తాత అని జాంగోలో రాస్తే, రెండు వైపులా లెఫ్ట్ జాయిన్ అదే వేసుకుంది. మెచ్చుకోవలసినచోట మెచ్చుకోవాలి, అది బాగా చేశారు. ముకర్రం జా 2023 జనవరిలో ఇస్తాంబుల్‌లో పోయాడు, 18న మక్కా మసీదుకే తెచ్చి ఖననం చేశారు. ఆ ప్రాంగణంలో ఇప్పుడు మా 5 నుంచి 9 దాకా ఉన్న వరుసకు తోడు ఇంకో రో చేరింది.

నా విన్నపం చిన్నది. ఒకే టేబుల్ రెండోసారి క్వెరీలోకి వస్తున్నప్పుడు మమ్మల్ని పేరు అడగండి. అడగకుండా ముందుకు పోకండి. ఈ304 దగ్గర ఆపారే, అలాగే ఆపండి. రెండు ఫిల్టర్లకు ఇద్దరు కొడుకులు కావాలో ఒక్కడే కావాలో అడగండి. బాణం ఎటు తిరగాలో చెప్పకపోతే తోచినట్టు తిప్పకండి. అంతవరకూ మా క్లాసులో పద్ధతి ఇది: ఒక మెట్టు పైకో కిందికో అయితే మీరు, అన్నదమ్ములూ వంశవృక్షాలూ అయితే నేరుగా ఎస్‌క్యూఎల్. పోస్ట్‌గ్రెస్‌లో అలియాస్‌లు తెలుగు లిపిలోనే రాయిస్తున్నాను, అది ఏమీ అనుకోదు. 'బిడ్డ', 'తండ్రి', 'తమ్ముడు'. లాగ్‌లో అవే కనపడతాయి. లాగిన్ పేజీ ఎప్పటిలా మీదే, దాని జోలికి నేను రాను.

ఇట్లు,
శాలిబండ డేటాబేస్ పంతులు

తా.క.: తండ్రి రో చెరిపేస్తే బిడ్డల రోలు ఏం కావాలో చెప్పి తీరాలని జాంగో 2.0 నుంచి నియమం పెట్టారు, సంతోషం. అంతకుముందు చెప్పకపోతే బిడ్డల రోలనూ చెరిపే కాస్కేడ్ అనే అనుకునేవారు. ఆ లెక్కన మా పది రోల టేబుల్‌లో నిజాముల్ ముల్క్‌ను ఒక్కడిని తుడిపితే 224 ఏళ్ల రాజ్యం ఒక్క కమిట్‌లో పోతుంది. తండ్రి కాలమ్‌కు మాత్రమే కాస్కేడ్ ఉంచి, ముందువాడి గడిని ఖాళీ చేయమంటే ఎవరు మిగులుతారో పరీక్షలో అడిగాను. ముజఫర్ జంగ్ ఒక్కడే.